ముల్లు తీసిన గాలం

కార్వేటినగరానికి అవతల, కొండల కింద ఉన్న చెరువుకు మునిరత్నం నీరుగంటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం, కట్టలో ఎలుక బొక్క కనిపిస్తే మట్టి కూరి తొక్కడం అతని పని. కళ్లం దగ్గర రైతులు కొలిచి పోసే ధాన్యం అతని జీతం. నీళ్లు పారే రోజుల్లో ఊరంతా అతనితో మాట్లాడుతుంది, ఎక్కువగా తగాదాకే. చెరువు అడుగంటి తూము మూతపడిందంటే, కట్ట మీద ఒక మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ పట్టదు.

భార్య వసంతమ్మ పోయాక ఊళ్లో ఇల్లు అన్న కొడుకులకు విడిచిపెట్టి, తూము పక్కనే బోదగడ్డి కప్పిన కొట్టం ఒకటి వేసుకున్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోమని మొదట్లో చెప్పినవాళ్లు ఉన్నారు. తర్వాత వాళ్లు కూడా మానేశారు. కూతురు పంకజాక్షిని వడమాలపేటలో ఇచ్చాడు. ఆ పెళ్లి అయిన నాటి నుంచి కొట్టంలో వెలిగే దీపం కూడా తొందరగానే ఆరిపోయేది. ఎవరి కోసం వెలిగించుకోవాలి?

అతనికి మిగిలిన కాలక్షేపం గాలం. ఆ చెరువులో చేపలు ఏటా వేలంపాటకు పోతాయి. పాట పాడినవాడు తప్ప ఇంకెవరూ వల వేయకూడదు. అయితే నీరుగంటి గాలానికి అడ్డం చెప్పకపోవడం ఆ చెరువు కింద పాత కట్టుబాటు. వల వేస్తే దొంగ, గాలం వేస్తే హక్కుదారు. అందుకని మునిరత్నం వయసులో ఉన్నప్పటి నుంచి గాలంతోనే పట్టాడు. అందులోనూ కొర్రమీను. మిగతా చేపలు ఎర తింటాయి, కొర్రమీను వేటాడుతుంది. నీళ్ల మీద కప్ప దూకినా, తూనీగ వాలినా కింద నుంచి వచ్చి కొడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం అది. పెరటాసి నెల మేఘాలు కొండల మీద పోగవుతున్నాయే కానీ వాన దిగలేదు. తూము దించి చాలా రోజులైంది. అలాంటి ఒక ఉదయం దూడల బేరగాడు తిరుమలయ్య కట్ట మీదికి వచ్చాడు. ఊరూరూ తిరిగేవాడు కాబట్టి అతని నోట ఊరూరి కబురూ ఉంటుంది.

"తాతవైనావప్పా," అన్నాడు కూర్చుంటూ. "మొగబిడ్డ."

మునిరత్నం నవ్వబోయాడు. కానీ తిరుమలయ్య బీడీ తీసి వెలిగించకుండా వేళ్ల మధ్య దొర్లిస్తున్నాడు. మిగతాది మెల్లగా చెప్పాడు. కాన్పు కష్టమైందట. రక్తం బాగా పోయిందట. నర్సమ్మ వచ్చి చూసి, బిడ్డకేమీ భయం లేదు కానీ తల్లికి బలమైన తిండి పడాలని చెప్పి పోయిందట. పంకజాక్షి ఏదీ నోట పెట్టడం లేదు. పాలు సరిగా దిగక బిడ్డ ఏడుస్తున్నాడు. పంకజాక్షి పెదవులు తెల్లగా పాలిపోయాయని, తాను గడపలోంచి చూశానని తిరుమలయ్య అన్నాడు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ సంగతి మునిరత్నానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడో నెలలో పిల్లను తీసుకురావడానికి వడమాలపేట పోయాడు కూడా. వియ్యపురాలు నాగరత్నమ్మ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, అతను వచ్చిన పని విన్నది. "తోడుకోని పొయ్యి ఎవురి సేతిలో పెడతావన్నా? తూము సేతిలోనా?" అని అడిగింది. ఎగతాళికి అన్నదో, నిజంగానే అడిగిందో అతనికి తెలియలేదు. ఆడదిక్కు లేని ఇల్లు పుట్టిల్లు కాదని మాత్రం అర్థమైంది. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు.

ఇప్పుడు ఆ పుట్టింటి నుంచి పోవలసింది ఒకటి ఉంది. బాలింతకూ, జ్వరం పడి లేచినవాళ్లకూ కొర్రమీను చారు ఎక్కించినంత బలం ఇంకేదీ ఎక్కించదని ఆ వైపు అందరి నమ్మకం. ముళ్లు తక్కువ, తేలిగ్గా అరుగుతుంది. ఒకటే షరతు. చేప ప్రాణంతో ఇల్లు చేరాలి. చచ్చిన కొర్రమీనును బాలింత ఇంటికి తెచ్చేవాడు ఉండడు.

తిరుమలయ్య పోగానే మునిరత్నం కొట్టం చూరులో దోపిన గాలాలన్నీ తీసి చాప మీద పరిచాడు.

ఎప్పటి పద్ధతి వేరు. బతికున్న కప్పను గుచ్చి సాయంత్రం గట్టున కట్టి వదిలేస్తాడు. కొర్రమీను దాన్ని తాపీగా మింగి, గాలాన్ని కడుపు దాకా దించుకుని తెల్లవారేసరికి వేలాడుతుంటుంది. కూరకు అది చాలు. ఇప్పుడు పనికిరాదు. కడుపులో గుచ్చుకుంటే చేప బతకదు. మొప్పకు తగిలినా నెత్తురు కారి దారిలోనే పోతుంది. పెదవికి తగలాలి, పెదవికి మాత్రమే. కాబట్టి కప్ప వద్దు. మింగే ఎర ఏదీ వద్దు.

జీలుగు బెండు ముక్క ఒకటి తీసుకుని కత్తితో కప్ప ఆకారానికి చెక్కాడు. రెండు కోడి ఈకలు కాళ్లలాగా కట్టాడు. అది నీళ్ల మీద తేలుతుంది, లాగితే గెంతుతుంది. కొర్రమీను దాన్ని కొట్టి, బెండని తెలియగానే ఉమ్మేస్తుంది. కొట్టడానికీ ఉమ్మడానికీ మధ్య రెప్పపాటు సందు ఉంటుంది. ఆ సందులో పెదవికి తగిలించాలి.

ఇక గాలం. కమ్మరి చేత గొడుగు కమ్ముతో చేయించినవి కొన్ని ఉన్నాయి. మెత్తన. పెద్ద చేప గుంజితే సాగి తిన్నగా అయిపోతాయి. యుద్ధం మొదలైనప్పటి నుంచి పుత్తూరు అంగళ్లలోకి ఓడల మీద దిగే సీమ గాలాలు రావడం లేదు. అంతకు ముందు కొన్నది ఒకటే మిగిలింది. వంపు గుండ్రంగా, మొన చిన్నగా, వేలితో తాకితే అంటుకునేంత పదునుగా ఉంటుంది. కానీ దాని మొనకు లోపలివైపు ఎదురుముల్లు ఉంది. గుచ్చుకున్న గాలం వెనక్కి రాకుండా పట్టుకునేది అదే. దాన్ని ఊడదీయాలంటే చేప దవడ చీలుతుంది.

ఆకురాయి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ముల్లు రాసేస్తే మళ్లీ మొలవదు. ముల్లు లేని గాలానికి తగిలిన చేప, తాడు ఒక్కసారి వదులైతే చాలు, జారిపోతుంది. ముల్లు ఉంచితే చేప దక్కుతుంది, బతకదు. తీసేస్తే బతుకుతుంది, దక్కుతుందో లేదో తెలియదు. చివరికి ముల్లును అరగరాయడం మొదలుపెట్టాడు. ఆ సన్నటి శబ్దానికి నీళ్ల అంచున కొంగ ఒకటి మెడ ఎత్తి చూసింది.

గాలం తాడు చుట్టే ఇత్తడి రాట్నం కూడా బయటికి తీశాడు. ఎప్పుడో చెరువు కొలవడానికి వచ్చి గుడారం వేసుకున్న దొర, పిడి విరిగిందని ఇచ్చిపోయినది. తిప్పితే తాడు చుట్టుకుంటుంది, చేప పరుగెడితే తానే వదులుతుంది. పిడికి వేప ముక్క తొడిగి, దాన్ని చూడడానికి వచ్చినవాళ్లకు మునిరత్నం గొప్పగా చూపించేవాడు. వసంతమ్మ దాన్ని "దొర గారి గిలక" అని నవ్వేది. ఇప్పుడు అదీ వద్దనుకున్నాడు. పళ్లు అరిగి, తిప్పేటప్పుడు మధ్యలో ఒకసారి జారుతుంది. ఆ జారిన క్షణంలోనే చేప పోతుంది. వెదురు గడ కొసకే తాడు కట్టేశాడు. నీళ్లకు నానకుండా తుమికి కాయల రసం పట్టించిన నూలుతాడు, చివర జానెడు మేర పేనిన కిత్తనార. కొర్రమీను పళ్లకు నూలు ఆగదు.

చెరువు బాగా తగ్గి, తుంగ మధ్య మధ్యలో మడుగులుగా మిగిలింది. మొదటి మడుగులోనే నీళ్ల మీద ఎర్రగా ఉడుకుతున్నట్టు కొర్రమీను పిల్లల గుంపు కనిపించింది. దాని కింద కావలిచేప ఉంటుంది. ఆ గుంపు మీదుగా ఏది లాగినా ఆకలి లేకపోయినా వచ్చి కొడుతుంది. అంత సులువైన వేట ఇంకొకటి లేదు. మునిరత్నం దాన్ని దాటి పోయాడు. చూసినవాడు ఉంటే జాలి అనుకునేవాడు. పిల్లల్ని కాచే చేప రోజుల తరబడి తినక చిక్కిపోయి ఉంటుంది, దాని కండలో ఏమీ ఉండదు. అతనికి కావలసింది బలిసినది.

రెండో మడుగులో బెండు రెండు గెంతులు వేయగానే నీళ్లు పగిలాయి. అతని చేయి దానంతట అదే లేచింది. తగిలింది. చేయంత చేప. అలవాటు కొద్దీ గడ పైకెత్తాడు. చేప గాలిలోకి ఎగిరి తల విదిలించింది, గాలం బెండుతో సహా వచ్చి అతని భుజానికి తగిలింది. నీళ్లు కదిలి కదిలి ఊరుకున్నాయి. గట్టు మీద కూలబడ్డాడు. పాత గాలమైతే ఈపాటికి చేప బురదలో కొట్టుకుంటూ ఉండేది. ఆ మాట పైకే అన్నాడు. వినడానికి ఎవరూ లేరు కాబట్టి ఇంకోసారి కూడా అన్నాడు.

ఎండ నెత్తికెక్కాక అతనికి ఒకటి తట్టింది. ఎత్తకూడదు. ఈసారి చేప తగలగానే గడను నేలబారుగా ఉంచి, తాడు బిగి సడలకుండా వెనక్కి నడిచాడు. కాళ్ల కింద ఏముందో చూడకుండా, నీళ్ల అంచు నుంచి బురదకు, బురద నుంచి గడ్డికి నడుస్తూనే పోయాడు. ఆ వెనకే చేప నున్నటి బురద మీద జారుతూ వచ్చింది. మొదటిదంత పెద్దది కాదు. కానీ నల్లగా, నిండుగా ఉంది. గాలం వేలితో నెట్టగానే ఊడింది. పై పెదవిలో సూది బెజ్జమంత గుర్తు. అంతే.

మర్నాడు పొద్దున్నే మట్టికుండలో సగానికి నీళ్లు పోసి, చేపను వదిలి, మూతికి తడిగుడ్డ వదులుగా కట్టి బయలుదేరాడు. కొర్రమీను అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగాలి. కుండ నిండా నీళ్లు పోస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. తూము మూసే ఉంది. పోతున్నానని ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది.

పుత్తూరులో తిరుపతి బస్సు ఎక్కాడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గుకుంపటి కట్టుకుని, ఎత్తుకు పోవాలంటే దగ్గుతూ పోయే బస్సు. లోపల కాలు పెట్టే చోటు లేదు. పసుపు గుడ్డలు, నుదుట నామాలు, చేతుల్లో నామం పెట్టిన చెంబులు. బస్సు కదలగానే అందరూ ఒక్కసారి గోవిందా అన్నారు. పక్కనున్న ముసలామె కుండను చూసి, "తీర్థమా, అబ్బోడా?" అని భక్తిగా అడిగింది. కుండలో చేప తోకతో ఒక్కటి కొట్టింది. నీసు నీళ్లు ఆమె చీర మీద చిందాయి.

మునిరత్నానికి అప్పుడు తెలిసింది. పెరటాసి నెల. శనివారం. కొండ మీది స్వామి నెల, అందులో నీసు ముట్టకూడదని ఆ సీమలో గడప గడపకూ తెలిసిన సంగతి. వసంతమ్మ ఉన్నప్పుడు అతనెన్నడూ నెలలు లెక్కపెట్టుకోలేదు. ఇల్లు అలికి, నీసు వండే చట్టి పొయ్యి మీంచి తీసి అటక ఎక్కించి, చెంబుకు నామం దిద్దితే పెరటాసి వచ్చినట్టు. ఆమె పోయాక అతనికి నీళ్లు పారే రోజులు, పారని రోజులు తప్ప వేరే రోజులు లేవు.

ముసలామె కొంగు విదిలించుకుని ముఖం తిప్పుకుంది. ఎవరో నవ్వారు, ఎవరో దించేయమన్నారు. కండక్టరు అంతటి మాట అనలేదు. "సామి దగ్గరికి సేపను గూడా తోడుకోని పోతా ఉండావే, దానికీ గుండు కొట్టిస్తావా?" అని, వెనక మూలకు పొమ్మన్నాడు. ఆ మూల బొగ్గుకుంపటి సెగకు ఇనుము కాలుతోంది. కుండను ఒడిలో పెట్టుకుని, ఆ సెగకు తన వీపు అడ్డం పెట్టి కూర్చున్నాడు మునిరత్నం. గుడ్డ కింద చేయి పెట్టి చూస్తే చేప అతని వేళ్లను మెల్లగా పొడిచింది. దారి పొడుగునా అతనితో ఇంకెవరూ మాట్లాడలేదు.

వడమాలపేటలో నాగరత్నమ్మ తలంటుకుని, తడి జుట్టు ముడి వేసుకుని వాకిట్లోనే ఉంది. కుండను చూసింది. వాసన పట్టింది.

"ఆడనే దించన్నా. గడప దాటొద్దు."

దించాడు. ఏం తెచ్చాడో చెప్పాడు. ఆమె నెల గుర్తు లేదా అని అడిగింది. బస్సులో గుర్తొచ్చిందని అతను అన్నాడు. ఆమెకు కోపం వచ్చినట్టు లేదు. అలసిపోయినట్టు ఉంది. ఆమె కొడుకు, పంకజాక్షి భర్త జయరామ్ పట్టాళంలో చేరి అస్సాం వైపు పోయాడు. కబురు తెలిసి నెలలు దాటాయి.

"పెరటాసి పొయ్యేదాకా నా పొయ్యి మింద నీసు పెట్టనని వాని కోసరం మొక్కినానన్నా," అంది. "పురుడొచ్చి సామి పటం గూడా ముట్టుకునేదానికి ల్యాకుండా పాయ. ఇంగ నా సేతిలో ఉండేది ఆ మొక్కొకటే."

మునిరత్నం తల ఊపాడు. కొడుకు ఎక్కడున్నాడో తెలియని మనిషితో వాదించడానికి అతని దగ్గర ఏమీ లేదు. "మొక్కు సెడపమని నేనడగనమ్మా. మా పంకజాక్షి యెట్లుండాది?"

నాగరత్నమ్మ పురిటిగది వైపు చూసింది. "ఉండాది," అంది. చూపు తిప్పకుండానే, "గంజి గూడా సగంలోనే పెట్టేస్తాది," అంది.

గదిలో పసిబిడ్డ ఏడుస్తున్నాడు. గట్టిగా కాదు, ఏడ్చి ఏడ్చి ఓపిక లేనట్టు. కుండ ఎత్తుకుని వెళ్లిపోవాలా, ఇక్కడే పెట్టి వెళ్లాలా అని మునిరత్నం వంగి నిలబడ్డాడు. గోడ అవతల నుంచి, "నాయనా," అని వినిపించింది. అంత చిన్న గొంతు ఆ పిల్లకు చిన్నప్పుడు కూడా లేదు.

నాగరత్నమ్మ కూడా విన్నది. తడి జుట్టు ముడి విప్పి, మళ్లీ వేసుకుంది.

"నా పొయ్యి మింద అని మొక్కినా," అంది మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "నీ పొయ్యి సంగతి నేను సామికి సెప్పలే. ఆ వామికి ఆపక్క, నా సూరు నీళ్లు పడని తావున, రాళ్లు పెట్టుకో. నా ఇంట్లో నిప్పు గానీ ఉప్పు గానీ అడగొద్దు."

గడ్డివామి వెనక అతను మూడు రాళ్లు పెట్టాడు. చిదుకులు ఏరుకొచ్చాడు. బీడీ కోసం దాచుకున్న అగ్గిపుల్లలతో నిప్పు చేశాడు. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు అంగట్లో కొన్నాడు. చేపను ఇంటికి కనపడకుండా కంప చాటుకు తీసుకుపోయి ఒక్క దెబ్బతో కొట్టాడు. బూడిదతో రుద్ది, పొలుసు తీసి, ముక్కలు కోసి, కడిగిన ఆ కుండలోనే వేశాడు. ఇన్నేళ్లూ తన ఒక్కడి కోసం వండుకున్న చేయి అది, మిరపకాయలు గుప్పెటతో వేసే చేయి. బాలింతకు ఏది ఎంత వేయాలో వసంతమ్మ చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. చెప్పవలసిన అవసరం వస్తుందని ఆమె అనుకుని ఉండదు. ఆకు చివర చుక్క వేసుకుని నాలుకకు రాసుకున్నాడు. ఇంకొంచెం నీళ్లు పోశాడు. చింతపండు వేయలేదు. పసిబిడ్డకు పాలలో పులుపు దిగుతుందేమోనని భయం.

పురిటిగదికి వామి వైపు చిన్న తలుపు ఉంది. అది ఓరగా తెరుచుకుంది. పురిటి మనిషికి వేరుగా పెట్టిన గిన్నె పట్టుకుని ఒక చేయి బయటికి వచ్చింది. గాజులు మోచేతి దాకా జారాయి. అంత సన్నబడింది. మునిరత్నం పైన తేరిన చారు, నాలుగు మెత్తటి ముక్కలు పోశాడు. తన నీసు చేతులు ఆ ఇంటి తలుపుకు తగలకుండా దూరంగా జరిగాడు. తలుపు సందులోంచి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. బిడ్డను చూపించమని అడుగుదామనుకుని, పొయ్యి దగ్గరికే మళ్లాడు.

లోపల గిన్నెకు చెంచా తగిలిన శబ్దం.

"ఉప్పు సాల్లేదు నాయనా."

"బాలింతకు అంతేలేమ్మా," అన్నాడు. అతనికి తెలిసి అన్నది కాదు.

"ఎవురు సెప్పినారు నీకు?"

అతను వంగి నిప్పు ఊదాడు. గిన్నె ఖాళీగా మళ్లీ బయటికి వచ్చింది. ఈసారి నిండా పోశాడు. బిడ్డ ఏడుపు ఆగింది. పాలు పట్టిందో, ఏడ్చి నిద్రపోయాడో గోడకు ఇవతలి నుంచి ఎలా తెలుస్తుంది? చెవి పెట్టి విన్నాడు. తలుపు కొంచెం కదిలి మూసుకుంది.

ఎండ వాలింది. మూడోసారి గిన్నె వస్తుందని కుండ దగ్గరే కూర్చున్నాడు. రాలేదు. పుత్తూరు వైపు పోయే బస్సు దగ్గు దూరంగా వినిపించింది. అది దాటితే ఇంకోటి లేదు. కాళ్లు కూడదీసుకుని లేచి, పొయ్యి మీద మట్టి వేద్దామని దోసెడు తీశాడు.

"ఆర్పొద్దన్నా," అంది నాగరత్నమ్మ. వామికి అవతలే, తన చూరు కిందే నిలబడి ఉంది, ఇటు రాలేదు. "నిద్రబొయింది. లేస్తే మళ్లా అడుగుతాది."

చేతిలో మట్టి కింద వదిలేశాడు. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. మునిరత్నం కూర్చుని చిదుకు ఒకటి విరిచి పొయ్యిలోకి తోశాడు. మంట పెరగకుండా, చారు చల్లారకుండా చూసుకుంటూ ఉన్నాడు.